రంగము దారి

అన్నవరమున రత్నగిరిపై వెలసిన సత్యదేవుని దర్శించుటకు ఏటేట లక్షలాది జనులు వచ్చుచుందురు. ఆ క్షేత్రమునకు చేరువనే చెన్నపట్టణమును కలకత్తాతో కలుపు ఇనుపదారి కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికులతో నిండిన బండ్లు ఈ దారివెంట ఈశాన్యదిశగా సాగెను. వారు పోవుచున్నది బర్మాకు.

ఆ యుద్ధము మన తీరమునకు ఎంత దగ్గరగా వచ్చినదో నేటి విద్యార్థులు ఎరుగకపోవచ్చును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. అన్నవరము ఆ రెండు పట్టణముల నడుమ నున్నది.

అంతకు నెలరోజుల ముందే రంగూను నగరము జపానువారి వశమయ్యెను. గోదావరి జనులకు ఆ నగరము పరాయిది కాదు. దానిని వారు ‘రంగము’ అనుచుండిరి. బియ్యపు మిల్లులలో పనిచేసియు, రేవులలో మూటలు మోసియు నాలుగు రూకలు కూడబెట్టుకొనుటకై వేలాదిమంది ఓడలెక్కి రంగము పోయెడివారు. బర్మావారు వీరిని కోరంగీలనిరి. కాకినాడ సమీపమున నున్న కోరంగి రేవునుబట్టి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. 1942లో వీరిలో అనేకులు కట్టుబట్టలతో, కాలినడకన, కొండలును అడవులును దాటి స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలికిని, విషజ్వరములకును దారిలోనే బలియైనవారు ఎందరో!

వారు వెనుకకు వచ్చిన దిక్కునకే సేన ముందుకు పోవలసియుండెను. ఆ సేనలో చేరినవారందరును పుట్టు సైనికులు కారు. 1920లో చేసిన చట్టమువలన మన దేశమున ప్రాదేశిక దళములు ఏర్పడెను. వీనిలో చేరినవాడు సంవత్సరములో అధికభాగము తన వృత్తిని తాను చేసికొనుచు, కొలది వారములు మాత్రము కవాతును, తుపాకి గురిని అభ్యసించును. దక్షిణాదివారు యుద్ధమునకు అంతగా తగరను అపోహ నాటి పాలకులలో నుండెను. పొదుపు పేరిట మద్రాసు పదాతి పటాలములను 1920లలో రద్దుచేయగా, ఆ పేరును నిలిపినవి ఈ ప్రాదేశిక పటాలములే. యుద్ధము ముంచుకొనిరాగా వానినే పూర్తికాలపు సేనగా మార్చి మద్రాసు రెజిమెంటును మరల నిలబెట్టిరి. పాలకుల అపోహకు మన జిల్లాలే సమాధానము చెప్పినవి. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము అను ఒక్క గ్రామమునుండియే మొదటి ప్రపంచ యుద్ధమునకు 90మందియు, రెండవదానికి 1,000మందికి పైగాను వెళ్లిరి. నేటికిని దానిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు.

అయితే ధైర్యమొక్కటియే చాలదని 1942 తేల్చి చెప్పెను. మోటారు బండ్లను నమ్ముకొని రోడ్డు విడువక నడచిన సేనను జపానువారు అడవిలోనుండి చుట్టివచ్చి, వెనుకవైపున దారి మూసివేసిరి. తమ వెనుక శత్రువు నిలిచెననగానే అనుభవములేని దళములు చెల్లాచెదరయ్యెను. అందుచే 1943లో శిక్షణ పద్ధతినే మార్చిరి. కొత్తగా చేరిన పదాతి సైనికుడు సొంత కేంద్రమున నేర్చుకొనిన పిదప రెండు నెలలు అడవియుద్ధమును అభ్యసింపవలెను. ఛింద్వాడా, సహరాన్‌పూర్ ప్రాంతములలో రెండు డివిజనులను ఇందుకొరకే నియోగించిరి.

అచ్చట నేర్పినదేమి? చప్పుడు కాకుండ నడచుట, చీకటిలో దిక్కు గుర్తించుట, సొంతముగా గొయ్యి త్రవ్వుకొని అందే రాత్రి గడపుట. దారి తెగినను బెదరక ఉన్నచోటనే నిలిచి పోరాడుట. వరిచేలలో బురద త్రొక్కి పెరిగిన వానికి వానయు, జలగలును కొత్త కాదు. కాని రాత్రివేళ మాటాడకుండుటయు, చుట్ట వెలిగింపకుండుటయు సులభముగా అలవడు పనులా?

అన్నిటికంటె పెద్ద శత్రువు దోమ. 1943లో గాయపడి వెనుకకు వచ్చిన ఒక్కొక్క సైనికునికి 120మంది చొప్పున రోగులు వచ్చిరని సేనాపతి స్లిమ్ వ్రాసెను. ప్రతిదినమును మెపాక్రిన్ మాత్ర మ్రింగవలెననియు, ప్రొద్దు గ్రుంకగానే చొక్కా చేతులు క్రిందికి దింపుకొనవలెననియు ఆజ్ఞలు పుట్టెను. మాత్రలు మ్రింగినదియు లేనిదియు పరీక్షించి, తమవారిచే మ్రింగింపలేని ముగ్గురు అధికారులను స్లిమ్ పదవులనుండి తొలగించెను. తుపాకి పట్టుట నేర్చిన వానికి మాత్ర మ్రింగుట నేర్పవలసివచ్చినదని నవ్వుకొనవచ్చును. కాని ఆ మాత్ర వలన నిలిచిన ప్రాణములకు లెక్కలేదు.

1944లో ఇంఫాల్, కోహిమాల వద్ద జపాను సేనను నిలువరించి, 1945 మే నెలలో భారత సేనలు రంగూనులో ప్రవేశించెను. ఆ నగరమునకు ఉత్తరమున టౌక్యాన్ అనుచోట గొప్ప స్మారకమొకటి కలదు. సమాధియైనను దక్కని సుమారు 27,000మంది సైనికుల పేర్లు దాని స్తంభములపై చెక్కబడియున్నవి. వానిలో భారతీయుల పేర్లు ఎన్నియో కలవు.