పేరు కూడా కూలీలో భాగమే

వడ్డాది పాపయ్య బొమ్మ మూలన ‘వ.పా’ అని చిన్న సంతకం ఉంటుంది. బాపు బొమ్మ మీదా ఆయన చేవ్రాలు ఉంటుంది. పండగ శుభాకాంక్షలకని ఆ బొమ్మల్ని ఫోన్లో కత్తిరించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేది ఆ మూలే. అక్కడ కాలనీ అసోసియేషన్ పేరో, స్థానిక నాయకుడి ఫొటోనో వచ్చి చేరుతుంది.

వాళ్లు పెద్దవాళ్లు, సంతకం లేకపోయినా గీత చూసి గుర్తుపడతాం. నేరేడ్‌మెట్‌లో పెళ్లి ఫొటోలు తీసి బతికే కుర్రాడి సంగతేమిటి? అతను రామకృష్ణాపురం చెరువు మీద పొద్దుపొడుపును ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడనుకోండి. ఎవరో పేరు కత్తిరించి వాట్సాప్ గ్రూపులో వేశారు. అక్కణ్నుంచి అది ఓ ప్లాట్ల బ్రోచర్‌కి ఎక్కింది. ఆ ఫొటో చూసి అతనికి ఫోన్ చేయాల్సినవాళ్లు ఇప్పుడు ఎవరికి చేస్తారు? సొంతంగా పనిచేసుకునేవాళ్లకు తర్వాతి పని పేరు మీదే వస్తుంది. అందుకే పేరు వేయడం మనం చూపే దయ కాదు, తీర్చాల్సిన బాకీ.

మన చట్టమూ ఆ మాటే చెబుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్ముకున్న తర్వాత కూడా ‘ఇది నేను చేసిన పని’ అని చెప్పుకునే హక్కు చేసినవారికే ఉంటుంది. తమ ప్రతిష్ఠ దెబ్బతినేలా ఆ పనిని పాడుచేస్తే నిలదీయవచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. డబ్బిచ్చి చేయించుకున్నది కేంద్ర ప్రభుత్వమే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు, శిల్పాన్ని ఆయనకు తిరిగివ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది.

పేరు వేస్తే చాలా?

చాలదు. పేరు వేరు, అనుమతి వేరు. కాపీరైట్ మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల పాటు ఉంటుంది. బాపు 2014లో కన్నుమూశారు కాబట్టి ఆయన బొమ్మలపై హక్కు 2074 చివరిదాకా ఉంటుంది. వాటిని మీ దుకాణం ఫ్లెక్సీ మీద వాడాలంటే కింద పేరు వేసినా సరే, హక్కుదారుల అనుమతి కావాల్సిందే. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అప్పుడూ రాసింది గురజాడే కనుక ఆయన పేరు ఉండాలి.

అనుమతి ముందే ఇచ్చేసినవీ బోలెడున్నాయి. వికీమీడియా కామన్స్‌లోని ఫొటోలు చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటాయి. ఆ షరతులు పాటిస్తే డబ్బు కట్టక్కర్లేదు. ‘బై’ అని ఉంటే పేరు వేయాలి. ‘ఎస్ఏ’ ఉంటే, మార్పులు చేసి పంచుకున్నప్పుడు అదే లైసెన్సుతో పంచాలి. ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ‘ఎన్‌డీ’ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు.

ఎలా రాయాలి?

నాలుగు విషయాలు చాలు: ఎవరిది, ఏమిటది, ఎక్కడిది, ఏ షరతు మీద. మీరేమైనా మారిస్తే అదీ చెప్పాలి. ఇలా: “ఫొటో: తీసినవారి పేరు, రామకృష్ణాపురం చెరువు, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్ఏ 4.0. అంచులు కత్తిరించాం.” లింకు పెట్టే వీలుంటే అసలు పేజీకే పెట్టండి.

‘సేకరణ’ అని రాసి వదిలేయడం సరిపోదు, అది సేకరించినవారి గురించి చెబుతుందే గానీ చేసినవారి గురించి కాదు. ‘గూగుల్ నుంచి’ అన్నదీ అంతే. గూగుల్ వెతికిపెట్టింది, గీయలేదు. ఎవరిదో తెలియకపోతే ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి. కవితో కథో అయితే అందులో ఒక వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. అప్పటికీ దొరక్కపోతే వ్యాపారానికి మాత్రం వాడకండి.

డీటీపీ పనిలో ఉన్నవాళ్లకు ఒక మాట. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి. ఫ్లెక్సీ మీద పేరు వేయక్కర్లేదు. ఫాంటు ఫైలు ఇంకొకరికి ఇస్తే మాత్రం దాని లైసెన్సు కాగితం కూడా ఇవ్వాలి. పుస్తకం వేస్తుంటే ప్రచురణ వివరాల పేజీలో ఫాంటు పేరు, ఆ అక్షరాలు గీసిన పురుషోత్ కుమార్ గుత్తుల పేరు చేర్చండి. ఒక్క లైను ఖర్చు.

ఆఫీసులో

ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. అయినా మీటింగులో స్లైడు చూపించేటప్పుడు “ఈ లెక్కలు కట్టింది శ్రావణి” అని పేరుతో చెప్పడానికి ఏ చట్టమూ అడ్డురాదు. ఇంక్రిమెంటు మాటలు నడిచేటప్పుడు పైవాళ్లకు గుర్తుండేది తాము విన్న పేరే. జూనియర్ చేసిన పనిని ‘మా టీం చేసింది’ అనేస్తే ఆ అమ్మాయికి రావాల్సింది రాకుండా పోతుంది.

మీ పనే పేరు లేకుండా కనిపిస్తే

ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. అసలు ఫైలును తేదీతో సహా దాచుకోండి. తర్వాత మర్యాదగా రాయండి: “అన్నా, మీ పేజీలోని చెరువు ఫొటో నేను తీసింది. కింద నా పేరు వేయండి. ప్రకటనకు వాడాలంటే ముందు మాట్లాడుకుందాం.” తెలియక చేసినవాళ్లు చాలామంది అక్కడితో సర్దుకుంటారు. క్రియేటివ్ కామన్స్ 4.0 లైసెన్సులోనూ, తప్పు తెలిసిన 30 రోజుల్లో దిద్దుకుంటే పోయిన అనుమతి తిరిగి వస్తుంది. వినకుండా మొండికేస్తే, తెలిసి కాపీరైట్ ఉల్లంఘించడం 63వ సెక్షన్ కింద నేరమని గుర్తుచేయండి.

మనవైపు నుంచి చేయాల్సింది ఇవాళే మొదలుపెట్టవచ్చు. మీ పేజీలో పాత పోస్టులు ఒకసారి తెరవండి. పేరు లేని ఫొటోలకు, పాటలకు, కవితలకు పేర్లు చేర్చండి. ఎక్కడో కామెంట్ల అడుగున కాదు, అందరికీ కనిపించేలా క్యాప్షన్ మొదటి లైనులోనే.