లోలకం ఏ అయస్కాంతం దగ్గర ఆగుతుంది?

బల్ల మీద పెట్టుకునే ఒక బొమ్మను మీలో కొందరు చూసే ఉంటారు. కింద మూడు అయస్కాంతాలు ఉంటాయి, వాటి పైన దారానికి నాలుగో అయస్కాంతం వేలాడుతుంటుంది. దాన్ని పక్కకు లాగి వదిలితే తిన్నగా ఊగదు. ఒకదాని వైపు దూసుకుపోతుంది, అంతలోనే ఇంకోదాని వైపు మళ్లుతుంది, చివరికి ఏదో ఒకదాని మీద ఆగుతుంది. ఏదాని మీద ఆగుతుందో ముందే చెప్పగలమా?

మామూలు లోలకం గురించి మీకు తెలుసు. దారం పొడవు 1 మీటరైతే ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 2 సెకన్లు, 25 సెంటీమీటర్లైతే దాదాపు 1 సెకను పడుతుంది. అమ్మకో నాన్నకో బదిలీ అయి మీరు ఏ ఊరు వెళ్లినా ఈ లెక్క ఇంచుమించు ఇంతే. వదిలేటప్పుడు చెయ్యి అర మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు వెళ్లే దారి కూడా అంతే జరుగుతుంది. చిన్న తేడా చిన్నదిగానే ఉండిపోతుంది. అందుకే లోలకాన్ని నమ్మి గడియారాలు తయారు చేశారు.

అయస్కాంతాలు చేరితే ఏమవుతుందో మీరే చేసి చూడండి.

కావలసినవి: ఒకే పరిమాణంలో ఉన్న నాలుగు బిళ్ల అయస్కాంతాలు, ఒక ఇనుప నట్టు, 40 సెంటీమీటర్ల దారం, అట్ట, చెక్క స్కేలు, టేపు. చిన్న అయస్కాంతాలను మింగితే ప్రాణాపాయం. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అందనివ్వకండి.

చేసే విధానం: అట్ట మీద 8 సెంటీమీటర్ల భుజంతో సమబాహు త్రిభుజం గీయండి. మూడు మూలల్లో మూడు అయస్కాంతాలను ఒకే ధ్రువం పైకి ఉండేలా టేపుతో అంటించి, ఎరుపు, పసుపు, నీలం రంగులు వేయండి. రెండు చెక్క కుర్చీల మధ్య స్కేలు పెట్టి, నట్టు కట్టిన దారాన్ని త్రిభుజం మధ్యకు వచ్చేలా వేలాడదీయండి. నాలుగో అయస్కాంతాన్ని నట్టు అడుగున పెడితే అదే అతుక్కుంటుంది. అది కింది వాటిని ఆకర్షించాలి, కానీ తాకకూడదు. రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. అవసరమైతే దారం సవరించండి.

ముందుగా గుండును ఎరుపు అయస్కాంతం పక్కనే ఉంచి మెల్లగా వదలండి. ఎన్నిసార్లు వదిలినా ఎరుపు దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు త్రిభుజానికి బాగా దూరంగా ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి 20 సార్లు వదలండి. ప్రతిసారీ ఏ రంగు దగ్గర ఆగిందో రాయండి. మీరు ఎంత జాగ్రత్తగా వదిలినా చాలా చోట్ల ఒకే రంగు రాదు. అంతా ఒకేలా రావాలని అంకెలు దిద్దకండి. ఆ తేడాయే ఈ ప్రయోగంలో అసలు ఫలితం.

ఎందుకిలా?

గుండు మీద పనిచేసేవి గురుత్వాకర్షణ, దారం లాగుడు, మూడు అయస్కాంతాల ఆకర్షణ, గాలి ఘర్షణ. అన్నీ న్యూటన్ నియమాలకు లోబడినవే. ఇందులో లాటరీ ఏమీ లేదు. సరిగ్గా ఒకే చోటు నుంచి, ఒకే తీరులో వదలగలిగితే ఒకే రంగు వస్తుంది. మన చెయ్యి ఎప్పుడూ సరిగ్గా ఒకే చోట ఉండదు, చిక్కంతా అక్కడే. గుండు రెండు అయస్కాంతాల నడుమ నుంచి వెళ్లేటప్పుడు వెంట్రుకవాసి తేడా కూడా అది ఎటు మళ్లాలో తేల్చేస్తుంది.

ఉదాహరణకు, ఒక్కో ఊపులో తేడా రెట్టింపవుతుందనుకుందాం. మొదట అర మిల్లీమీటరు. తర్వాత 1, 2, 4, 8, 16, 32, 64. ఏడు ఊపుల్లో 6 సెంటీమీటర్లు దాటింది! సరే, 1000 రెట్లు ఎక్కువ జాగ్రత్తగా వదిలామనుకోండి. ఎంత లాభం? 2ను పదిసార్లు గుణిస్తే 1024. అంటే మనకు కలిసివచ్చేది మరో పది ఊపులు మాత్రమే. నియమాలు పక్కాగా ఉన్నా, మొదట్లోని చిన్న తేడా ఇలా పెరిగిపోయే చలనాన్ని శాస్త్రవేత్తలు కేయాస్ అంటారు.

వాతావరణానిదీ ఇదే కథ

1961లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్‌లో వాతావరణ సమీకరణాలు నడుపుతున్నాడు. పాత లెక్కను మధ్య నుంచి మళ్లీ మొదలుపెడుతూ 0.506127 బదులు, కాగితం మీద అచ్చయిన 0.506 ఇచ్చాడు. మొదట రెండు లెక్కలూ కలిసే నడిచాయి. కాసేపటికి పూర్తిగా విడిపోయాయి. దీని ఆధారంగా ఆయన 1963లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైంది. 1972లో ఒక ప్రసంగానికి ఆయన పెట్టిన శీర్షిక ఒక ప్రశ్న: బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా? సీతాకోకచిలుకే సుడిగాలిని తయారుచేస్తుందని దీని అర్థం కాదు. అంత చిన్న తేడాను కూడా కొలవలేకపోతే చాలా రోజుల ముందు జోస్యం సాగదని అర్థం.

మరి వాతావరణ సూచనలు దండగా? కాదు. మీరు గుండును 20 సార్లు వదిలినట్టే, వాతావరణ శాస్త్రవేత్తలు కూడా మొదటి అంకెలను కొద్దికొద్దిగా మార్చి ఒకే లెక్కను చాలాసార్లు నడుపుతారు. అన్నీ ఒకే చోటికి చేరితే ధైర్యంగా చెబుతారు, చెల్లాచెదురైతే ఆచితూచి చెబుతారు. బంగాళాఖాతంలో తుఫాను పుట్టినప్పుడు టీవీలో చూపే పటం గుర్తు తెచ్చుకోండి. తుఫాను దారి ముందుకు పోయేకొద్దీ విసనకర్రలా వెడల్పవుతుంది. రేపటి చోటు కన్నా మూడు రోజుల తర్వాతి చోటు చెప్పడం కష్టమని ఆ వెడల్పు నిజాయితీగా ఒప్పుకుంటోంది. మధ్య గీత ఒడిశా వైపు ఉన్నా, ఆ వెడల్పులో శ్రీకాకుళం తీరం ఉంటే అక్కడి మత్స్యకారులు పడవలను ఒడ్డుకు చేర్చుకోవాలి. తుఫాను చివరికి పక్కకు పోయినంత మాత్రాన ఆ హెచ్చరిక అబద్ధమైపోదు.

ఆలోచించండి

1. దారం పొడవు పెంచితే మీ 20 ఫలితాలు ఎలా మారతాయి?
2. గాలి ఘర్షణ అసలు లేకపోతే గుండు ఎక్కడ ఆగుతుంది?
3. రెండే అయస్కాంతాలు ఉంచి చేయండి. రెండు రంగులూ కలగలిసి వచ్చే చోట్లు ఎక్కడున్నాయో అట్ట మీద గుర్తు పెట్టండి.