గెట్టు మీది కంది చెట్టు

మా తాతది తాండూరు దగ్గర ఊరు. నల్లరేగడి చేనులో ఏటా కంది వేస్తాడు. కోతకు ముందు చేనంతా తిరిగి, విరగకాసిన చెట్లు ఓ పది చూసి, వాటి గింజలే వచ్చే ఏటికి విత్తనంగా దాస్తాడు. "ఇన్నేళ్లుగా మంచివే ఏరుతున్నావు కదా, మరి దిగుబడి ఎందుకు పెరగలేదు తాతా?" అని సంక్రాంతి సెలవుల్లో అడిగాను. "నా చెయ్యి మంచిది కాదేమో బిడ్డా" అన్నాడు. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. హాస్టల్‌కి వచ్చాక కోడింగ్ పక్కన పెట్టి జెనెటిక్స్ చదివాను.

దిగుబడికంటూ ఒక్క జన్యువు ఉండదట. చెట్టుకి ఎన్ని కాయలు, కాయలో ఎన్ని గింజలు, గింజ బరువెంత, ఈ మూడింటి గుణకారమే దిగుబడి. ఒక్కోదాని వెనుక చాలా జన్యువులు, తలా కొంచెం పనిచేస్తాయి. పైగా చెట్టు తయారుచేసుకునే ఆహారానికి ఓ హద్దుంది కాబట్టి, కాయలు పెరిగితే గింజ చిన్నదవ్వచ్చు.

అసలు విషయం అనువంశికత. చెట్ల మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా ఎంత అన్నమాట. 0 నుంచి 1 వరకు కొలుస్తారు. గింజ బరువుకి ఇది సాధారణంగా ఎక్కువ. దిగుబడికి తక్కువ, ఎందుకంటే అందులో నేల, తేమ, కాయతొలుచు పురుగు అన్నీ వేలు పెడతాయి.

ఒక లెక్క వేద్దాం. చేనులో సగటున చెట్టుకి 40 గ్రాములు, తాత ఏరినవాటికి 70 అనుకోండి. తేడా 30. అనువంశికత 0.2 అయితే, తర్వాతి తరంలో పెరిగేది 30లో 0.2 వంతు, అంటే 6 గ్రాములే. అదీ తల్లి, తండ్రి రెండూ ఏరిన చెట్లే అయితే. కంది పూల మీద తేనెటీగలు తిరుగుతాయి, కొన్ని గింజలకి తండ్రి పక్కనున్న ఏ బక్క చెట్టో కావచ్చు. ఒక్క వాన తేడా పడితే ఆ కాస్త లాభం కంటికి కూడా ఆనదు.

ఇంతకీ ఆ పది చెట్లు ఎక్కడివని ఫోన్ చేసి అడిగాను. చాలావరకు గెట్టు పక్కవి, పెంటకుప్ప దగ్గరివి! అక్కడ ఓ పక్క పోటీ ఉండదు, వెలుతురు, ఎరువు ఎక్కువ. పాపం తాత ఏరింది జన్యువుని కాదు, జాగాని.

పటాన్‌చెరు ఇక్రిశాట్ లాంటి చోట్ల ఒకే రకాన్ని చాలా మడుల్లో, చాలా ఊళ్లలో వేసి పోలుస్తారు. 2011లో 'ఆశ' అనే రకం మీద కంది జీనోమ్ కూడా చదివారు, 48,680 జన్యువులని లెక్క తేలింది. కానీ సోర్స్ కోడ్ చేతిలో ఉన్నంత మాత్రాన ఏ లైను కాయలు పెంచుతుందో తెలిసిపోదు కదా, చేనులో రన్ చేయాల్సిందే.

తాతకి అంత సెటప్ అక్కర్లేదు. 1961లో అమెరికాలో గార్డ్‌నర్ అనే ఆయన మొక్కజొన్నకి చేసినట్టు, చేనుని గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో మంచి చెట్టుని ఏరితే చాలు. అప్పుడు చెట్టుకి పోటీ దాని పక్కవాటితోనే, నేల దాదాపు ఒక్కటే. గెట్టు వరుసలు వదిలేయాలి.

చెప్తే తాత నవ్వి, "గెట్టు చెట్లు నీకేం జేసినయ్‌రా?" అన్నాడు. కానీ ఎంత తాడు కావాలో కూడా అడిగాడు. డిసెంబర్‌లో గళ్లు కట్టడానికి నేను వెళ్తున్నా.