భద్రాద్రిని ఆటలో కట్టాలంటే: పది చిట్కాలు

వేసవి సెలవులొస్తే పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని రోము నగరాలు, నైలు ఒడ్డున గుళ్లు కట్టేస్తుంటారు. ఆ ఆటలకు మ్యాప్ ఎడిటర్లు కూడా ఉన్నాయి. నది, అడవి, పన్నులు, గెలుపు షరతులు అన్నీ మనమే పెట్టుకోవచ్చు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ తహసీల్దారై, గోదావరి అవతలి గట్టున రాముడికి గుడి కట్టించిన కంచెర్ల గోపన్న కథ అందుకు చక్కగా సరిపోతుంది. ఇంటిల్లిపాదీ కలిసి తయారుచేయడానికి ఈ చిట్కాలు.

1. ముందు ప్రశ్న రాసుకోండి. "గోల్కొండకు పన్ను కట్టి, గుడీ కట్టి, ఊరినీ నిలబెట్టగలవా?" ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అతికించండి. ఈ ప్రశ్నకు పనికిరానిది ఏదీ మ్యాప్‌లో పెట్టకండి.

2. కథకు తగ్గ ఆట ఎంచుకోండి. నది ముఖ్యమనుకుంటే 'ఫారో' (1999) మంచిది. అందులో వరద భూములు, పడవ రేవులు ఉంటాయి. అడవి మనుషులు ముఖ్యమనుకుంటే 'సీజర్ 3' (1998) తీసుకోండి. ముందునుంచే అక్కడున్న వాళ్ల గుడిసెలు, పొలాలు అందులో పెట్టవచ్చు.

3. చుక్కల ముగ్గుతో మొదలుపెట్టండి. పాత క్యాలెండర్ కాగితం వెనక చుక్కలు పెట్టండి. నాలుగు చుక్కల మధ్య గడి ఒక ఇంటి జాగా. నదికి నీలం, అడవికి ఆకుపచ్చ, దారికి ఎరుపు. కాగితం మీద అయితే తప్పు రబ్బరుతో పోతుంది. ఎడిటర్లో అదే తప్పు దిద్దడానికి ఒక పూట పడుతుంది.

4. అన్నిటికంటే ముందు గోదావరిని గీయండి. పాల్వంచ ఒక వైపు, భద్రాచలం మరో వైపు. 'ఫారో'లో అయితే వంతెన పెట్టకండి, పడవ దాటితేనే కథ నడవాలి. కొత్తగా వచ్చే జనం మ్యాప్‌లోకి అడుగుపెట్టే చోటు, ఊరు మొదలయ్యే చోటు ఒకే గట్టున ఉండేలా చూసుకోండి. లేకపోతే జనం ఊరిదాకా చేరలేరు.

5. వరద గుర్తు ఇంట్లో పెద్దలను అడగండి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. "ఎనభై ఆరు వరద ఎందాకా వచ్చింది నాయనమ్మా?" అని పిల్లల చేత అడిగించండి. ఆమె చెప్పిన చెట్టు, గుడి మెట్టు, గోడ మీది మరక ఏదైతే అది మీ మ్యాప్‌కు హద్దు. దాని కింద ఇళ్లు వద్దు, పంటలే. వరద తీశాక మిగిలే ఒండ్రు విలువ ఆటలో కూడా తెలుస్తుంది.

6. అడవిని ఖాళీ స్థలంగా గీయకండి. ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. ఆటలో చెట్టు కొట్టేయడానికి ఒక్క నొక్కు చాలు కాబట్టి, అక్కడ ఎవరూ లేరనిపిస్తుంది. ఈ నేలమీద గుడికంటే ముందునుంచీ కోయలు, కొండరెడ్లు ఉన్నారు. వాళ్లకు పోడు పొలాలు, ఇప్పచెట్లు, వేటదారులు ఉన్నాయి. భద్రిరెడ్డిపాలెంలో పోకల దమ్మక్కకు దేవుడు కనిపించాడని చెప్పుకునే కథ కూడా అడవి అంచు ఊరిదే. అందుకే గూడేలు ముందు పెట్టి, ఆ తర్వాతే నగరానికి జాగా వదలండి. 'సీజర్ 3'లో వాళ్ల భూమిలో కట్టడం మొదలుపెడితే తిరగబడతారు, జోలికి పోకపోతే ఊరికి హాని ఉండదు. కలప అడ్డాకు పక్కనే చెట్లుండాలి కాబట్టి, అన్నీ నరికేసినవాడికి కలపా దొరకదు.

7. కాలం తప్పిన వస్తువులు ఏరిపారేయండి. గోపన్న కాలంలో గోల్కొండను ఏలిన తానాషా పాలన 1672 నుంచి 1687 వరకు. అప్పటికి ఇల్లెందు బొగ్గు లేదు, ఆ తవ్వకాలు మొదలైంది 1889లో. వైరా రిజర్వాయరు, కరకట్ట, బీడీ ఆకు వ్యాపారం అన్నీ తర్వాతివే. ఆటలోని ధాన్యాన్నే జొన్నలు, వరి అనుకుని ఉంచండి, పశువులనూ ఉంచండి.

8. సరుకుల దారి నది వెంటే పెట్టండి. కలప, వెదురు తెప్పలు కట్టి పాపికొండల మీదుగా రాజమహేంద్రవరం వైపు దిగాలి. సముద్రం వైపు నుంచి ఉప్పు పైకి రావాలి. ఈ ఆటల్లో ఉప్పు లేదు కాబట్టి, వేరే సరుకు ఒకదాన్ని ఉప్పు అనుకోండి. అది మ్యాప్‌లో ఎక్కడా దొరకకుండా చేస్తే, అడవికి మైదానం ఎందుకు కావాలో పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది.

9. ఖజానా ఒత్తిడి మెల్లగా పెంచండి. మొదటి రెండేళ్లు ఏమీ అడగకండి. తర్వాత ఏటా గోల్కొండ నుంచి కబురు రావాలి. ఆట 1672లో మొదలుపెడితే పదిహేనేళ్లకు ఔరంగజేబు సేన గోల్కొండను పట్టుకుంటుంది, ఆట అక్కడ ముగించండి. గుడికి ఖర్చైన ఆరు లక్షల వరహాలు, అందుకు గోపన్నకు పన్నెండేళ్ల చెర, రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి బాకీ తీర్చడం భక్తుల నోట నిలిచిన కథ. దాన్ని ఆరంభంలో వచ్చే పరిచయంలో గౌరవంగా చెప్పండి. గెలుపుకు జనాభా ఒక్కటే కొలత కాకూడదు. 'ఫారో'లో అయితే గుడికి బదులుగా పిరమిడ్ లాంటి సమాధి కట్టడం పెట్టకండి, ఆలయ సముదాయాన్నే ఎంచుకోండి.

10. తయారుచేయని వాళ్లచేత ఆడించండి. ప్రతి మార్పునూ కొత్త పేరుతో, చివర తేదీ వేసి దాచుకోండి. ఆ తర్వాత పక్కింటి పిల్లనో, మేనల్లుణ్నో కూర్చోబెట్టి, మీరు నోరు మెదపకుండా చూడండి. పావుగంటలో గెలిస్తే పన్ను పెంచండి, పావుగంటలో ఓడితే ధాన్యం పెంచండి. ఆడుతున్న పిల్ల మధ్యలో ఆగి, "పన్ను కోసం ఈ చెట్లు అమ్మాలా, గుడి ఇంకో ఏడు ఆగినా పర్లేదా?" అని మిమ్మల్ని అడిగిందంటే ఇక దిద్దనక్కర్లేదు. జవాబు మాత్రం చెప్పకండి, ఆ పిల్లనే తేల్చుకోనివ్వండి.