మీ మిద్దె మీద కురిసిన వాన ఎక్కడికి పోయింది?



ఎర్ర చెల్క నేలలు, నల్లరేగడి నేలలు, నైరుతి రుతుపవనాలు... మీ పిల్లలు ఇవన్నీ సోషల్ పరీక్షలో చక్కగా రాస్తారు. మరి మన అపార్ట్‌మెంట్ తోటలో ఉన్నది ఏ మట్టి? రాత్రి ఎంత వాన పడింది? అడిగి చూడండి. వెంటనే ఫోన్ తీస్తారు. తీయనివ్వండి. ఫోన్ చెప్పింది తోటలో సరిచూసుకుంటే అదే మంచి జాగ్రఫీ పాఠం. కాలనీ పార్కు అయినా, మిద్దె తోట అయినా సరిపోతుంది.

ఈ నెలలో మూడు పనులు చేయించండి.

1. పైనుంచి చూడటం: ఇస్రో 2009లో ప్రారంభించిన 'భువన్' పోర్టల్‌లో గానీ, గూగుల్ ఎర్త్‌లో గానీ మీ కాలనీని వెతకమనండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత చిత్రాలు కూడా కనిపిస్తాయి. పదేళ్ల కిందట చుట్టూ ఉన్న చెట్లు, ఖాళీ నేల, చెరువు ఇప్పుడు ఎంత మిగిలాయో నోట్‌బుక్‌లో మ్యాప్ గీయమనండి.

2. వాన కొలవడం: అడుగు చదునుగా, పైనుంచి కిందివరకు ఒకే వెడల్పుతో ఉన్న డబ్బాను ఆరుబయట పెట్టండి. ఉదయం 8.30కి స్కేలుతో కొలిచి, వాతావరణ శాఖ ప్రకటించిన అంకెతో పోల్చండి. తేడా వస్తే కంగారు వద్దు. ఒకే నగరంలో అన్నిచోట్లా ఒకేలా వాన పడదు. ఇప్పుడు లెక్క: చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన అంటే 1 లీటరు నీరు. 200 చదరపు మీటర్ల మిద్దె మీద 25 మి.మీ. పడితే 5,000 లీటర్లు, అంటే ఒక చిన్న ట్యాంకర్! వేసవిలో మనం డబ్బిచ్చి తెప్పించుకునే నీళ్లివి. అవి ఇంకుడు గుంతలోకి వెళ్లాయా, డ్రైనేజీలో కలిశాయా? పైపు వెంట నడిచి చూసి రమ్మనండి.

3. మట్టి పరీక్ష: గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి పక్కన పెట్టండి. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. సన్నని బంకమట్టి పేరుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మధ్యమధ్య ఫోటోలు తీయమనండి. ఇసుక ఎక్కువుంటే నీరు త్వరగా ఇంకిపోతుంది, బంకమట్టి ఎక్కువుంటే తేమ నిలుస్తుంది. ఆ మట్టి ఎక్కడి నుంచి తెచ్చి పోశారో తోటమాలిని అడిగితే ఇంకో పాఠం దొరుకుతుంది.

నెలాఖరున పిల్లలు తమ మ్యాప్, వాన పట్టిక, ఫోటోలను మీ అపార్ట్‌మెంట్ సమావేశంలో చూపించేలా చూడండి. ఇంకుడు గుంత పూడిక తీయించాలన్న మాట పిల్లల నోట వస్తే పెద్దలు తప్పక వింటారు.