సాలీ గొట్టంలో పోసే యాసిడ్ తయారుచేయడం

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనత, 7 కన్నా తక్కువైతే తీవ్ర రక్తహీనత. ఐరన్ మాత్రలతో సరిపోతుందా, రోలుగుంట నుంచి నర్సీపట్నం పంపాలా అన్నది ఆ అంకెను బట్టే నిర్ణయిస్తాం. ఇప్పుడు డిజిటల్ మీటర్లు వచ్చాయి. అయినా స్ట్రిప్పులు అయిపోయిన రోజు సాలీ పద్ధతే దిక్కు కనుక సిస్టర్స్ అందరూ నేర్చుకోవాలి.

ఇందులో 20 మైక్రోలీటర్ల రక్తాన్ని ఎన్/10 హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కలిపి 10 నిమిషాలు ఉంచుతాం. హిమోగ్లోబిన్ గోధుమరంగు యాసిడ్ హెమటిన్‌గా మారుతుంది. తరువాత డిస్టిల్డ్ వాటర్ చుక్కలుగా పోస్తూ పక్కనున్న గాజు రంగుతో సరిచూస్తాం. యాసిడ్ మరీ పలచనైతే మార్పు పూర్తికాదు, అంకె తక్కువ పడుతుంది.

ఎన్/10 అనగానే సీసాలోని యాసిడ్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు అనుకుంటారు. అది తప్పు. లీటరు ద్రావణంలో 36.5 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటే ఒక నార్మల్. ఈ యాసిడ్‌కు మొలారిటీ కూడా అంతే. మనకు కావలసింది అందులో పదోవంతు, అంటే లీటరుకు 3.65 గ్రాములు. ఒకటికి తొమ్మిది కలిపితే అంతకు 12 రెట్లు ఘాటుగా ఉంటుంది!

ముందు సీసా లేబుల్ చదవండి. 37 శాతం, సాంద్రత 1.19 అని ఉందనుకుందాం. అప్పుడు లీటరు బరువు 1190 గ్రాములు, అందులో 37 శాతం 440 గ్రాములు. దీన్ని 36.5తో భాగిస్తే సుమారు 12 మొలార్.

సీసా గాఢత × తీయవలసిన మి.లీ. = కావలసిన గాఢత × కావలసిన మి.లీ.

12 × ? = 0.1 × 1000. జవాబు 8.3 మి.లీ. దీన్ని బట్టీపట్టకండి. లేబుల్ మీద 35 శాతం, 1.18 ఉంటే గాఢత 11.3 మొలార్, తీయవలసింది 8.8 మి.లీ.

గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకొని, కిటికీలు తెరిచి పని మొదలుపెట్టండి. ఫ్లాస్కులో సగం డిస్టిల్డ్ వాటర్ పోసి, యాసిడ్‌ను మెల్లగా కలిపి, ఆ తరువాత గీత వరకు నీళ్లు నింపండి. పిపెట్‌ను నోటితో పీల్చవద్దు. యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయవద్దు. ఈ యాసిడ్‌తో పుట్టే వేడి కొద్దిదే గాని, కఫం పరీక్షకు వాడే సల్ఫ్యూరిక్ యాసిడ్ దగ్గర ఇలా చేస్తే ముఖం మీదికి చిమ్ముతుంది.

సీసా మూత తెరిచినప్పుడల్లా ఆవిరి పోతుంది. పాత సీసాలో లేబుల్ మీది గాఢత మిగలదు, మన లెక్క సరైనదే అయినా ద్రావణం పలచనవుతుంది. చిన్న ల్యాబులు తయారుగా దొరికే ఎన్/10 కొనుక్కోవడమే నయం.