అక్రమ వలసలు – ప్రజాసేవలు – పన్నుదారులు: అమెరికా లెక్కల్లో ఒక పాఠం

'మా పన్నుల డబ్బుతో వాళ్ల పిల్లలకు చదువెందుకు? వాళ్లకు వైద్యమెందుకు?' అమెరికాలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ వినిపించే ప్రశ్న ఇది. మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది గ్రూప్స్‌కూ, ఇతర పోటీ పరీక్షలకూ సిద్ధమవుతున్నారు. వలసల మీద వ్యాసం రాయమంటే మనలో కొందరు 'భారం' అనీ, మరికొందరు 'లాభం' అనీ ఒక్క మాటతో ముగిస్తున్నాం. రెండూ సగం జవాబులే. ఖర్చు ఏ ఖజానా నుంచి పోతోంది, రాబడి ఏ ఖజానాకు చేరుతోంది, అది ఎప్పుడు చేరుతోంది అని విడదీసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఎవరు అక్రమ వలసదారులు?

అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్లే కాదు, వీసా మీద సక్రమంగా వెళ్లి గడువు తీరాక ఉండిపోయినవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. తాత్కాలిక రక్షణ పొందినవారిని కలుపుకొని 2023లో అమెరికాలో ఇలాంటివారు సుమారు 1.4 కోట్ల మంది ఉన్నారని ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా.

ఇది మనకు సంబంధం లేని విషయం కాదు. తరగతులే లేని ఫార్మింగ్టన్ 'యూనివర్సిటీ'ని అక్కడి అధికారులే ఉచ్చుగా పెట్టారని 2019 జనవరిలో బయటపడింది. అప్పుడు అరెస్టయిన విద్యార్థుల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను అమెరికా సైనిక విమానంలో అమృత్‌సర్‌కు తిప్పి పంపారు. గల్ఫ్‌లో పత్రాలు లేకుండా మిగిలిపోయినవాళ్లను మన పల్లెల్లో 'ఖల్లివెల్లి' అంటారు. ఆ మాట వినని ఊళ్లు కరీంనగర్, నిజామాబాద్ వైపు తక్కువే.

ఏవి అందుతాయి? ఏవి అందవు?

పత్రాలు లేనివాళ్లకు అమెరికాలో అన్నీ ఉచితం అనుకోవడం పొరపాటు. 1996లో చేసిన సంక్షేమ చట్టం ప్రకారం ఫుడ్ స్టాంపులు, మామూలు మెడికెయిడ్ వంటి కేంద్ర పథకాల్లో చాలావాటికి వారు అర్హులు కారు. వారికి ముఖ్యంగా అందేవి రెండు. ఒకటి అత్యవసర వైద్యం. 1986 నాటి చట్టం ప్రకారం, ప్రాణాపాయంలో వచ్చిన మనిషిని మెడికేర్‌లో చేరిన ఏ ఆస్పత్రీ డబ్బుల్లేవనో, కాగితాల్లేవనో వెనక్కి పంపకూడదు. రెండోది పిల్లలకు పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ బడి.

కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో ఇంతకు మించి ఇస్తాయి. కాలిఫోర్నియా 2024 జనవరి నుంచి పేదలైన అన్ని వయసుల వారికీ, పత్రాలతో పనిలేకుండా, తన ఆరోగ్య పథకాన్ని వర్తింపజేసింది. ఖర్చు అంచనాలు దాటిపోవడంతో, 2026 జనవరి నుంచి పత్రాలు లేని పెద్దవాళ్లను కొత్తగా చేర్చుకోవడం ఆపాలని 2025లో నిర్ణయించుకుంది. భారం అనే మాట వట్టిది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

టైలర్ పట్టణం కేసు

బడి హక్కు ఊరికే రాలేదు. పత్రాలు లేని పిల్లల చదువుకు నిధులు ఇవ్వనక్కర్లేదని టెక్సాస్ రాష్ట్రం 1975లో చట్టం చేసింది. దాన్ని ఆధారం చేసుకొని 1977లో టైలర్ పట్టణంలోని పాఠశాలల యంత్రాంగం అలాంటి పిల్లలు ఒక్కొక్కరూ ఏడాదికి 1,000 డాలర్లు కట్టాలంది. కూలి చేసుకునే మెక్సికో కుటుంబాలకు అది మోయలేని సొమ్ము. కొన్ని కుటుంబాలు కోర్టుకెళ్లాయి. 'ప్లైలర్ వర్సెస్ డో' పేరుతో సాగిన ఈ కేసులో 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5–4 తేడాతో పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. జస్టిస్ బ్రెన్నన్ రాసిన ఆ తీర్పు సారాంశం ఇది: తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లలను శిక్షించరాదు. వాళ్లకు చదువు లేకుండా చేసి ఇవాళ మిగిలించే డబ్బు, రేపు దేశానికి కలిగే నష్టం ముందు చాలా చిన్నది.

విభేదించిన నలుగురు న్యాయమూర్తులు కూడా పిల్లలను చదువులేకుండా ఉంచడం మంచిదని అనలేదు. దాన్ని తేల్చాల్సింది చట్టసభలే తప్ప కోర్టు కాదన్నారు.

టెక్సాస్ లెక్క

అదే టెక్సాస్‌లో 2006 డిసెంబరులో రాష్ట్ర ఆర్థిక అధికారి కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. 2005 ఆర్థిక సంవత్సరంలో రాష్ట్రంలో ఉన్న సుమారు 14 లక్షల మంది అక్రమ వలసదారుల వల్ల రాష్ట్ర ఖజానాకు వచ్చింది 158 కోట్ల డాలర్లు, రాష్ట్రం వారి సేవలకు పెట్టిన ఖర్చు 116 కోట్ల డాలర్లు. అంటే రాష్ట్రానికి మిగులే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. సరుకు కొన్న ప్రతివాడూ అమ్మకం పన్ను కడతాడు, అద్దె కట్టినవాడు ఇంటి యజమాని ద్వారా ఆస్తి పన్నులో పాలు పంచుకుంటాడు. దుకాణంలో ఎవరూ వీసా అడగరు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. బిల్లు వసూలు కాని వైద్యానికీ, పోలీసు, జైలు ఖర్చులకూ రాష్ట్రం నుంచి డబ్బు రాక స్థానిక ప్రభుత్వాలే మోసింది 144 కోట్ల డాలర్లు. మనకు జిల్లా ఎలాగో వాళ్లకు కౌంటీ అలాగ. ఒకే మనుషుల వల్ల రాష్ట్రానికి లాభం, కౌంటీ ఆస్పత్రికి నష్టం! ఇద్దరూ చెప్పింది నిజమే.

కేంద్రం దగ్గరకు వెళ్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. 2010లో పత్రాలు లేని కార్మికులూ వారి యజమానులూ కలిసి సోషల్ సెక్యూరిటీ పింఛను నిధికి సుమారు 1,300 కోట్ల డాలర్లు కట్టారని, వారికి తిరిగి ముట్టింది 100 కోట్లేనని ఆ శాఖ గణకులే అంచనా వేశారు. 2021 తర్వాత పెరిగిన వలసల వల్ల 2024–34 మధ్య కేంద్ర లోటు 90,000 కోట్ల డాలర్ల మేర తగ్గుతుందని అమెరికా పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం 2024లో లెక్కగట్టింది. అదే కార్యాలయం 2025లో మరో లెక్క ఇచ్చింది. ఆ వలసల వల్ల 2023లో రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు వచ్చింది 1,010 కోట్లు, అయిన ఖర్చు 1,930 కోట్లు. నికర భారం 920 కోట్ల డాలర్లు. బడి బల్లలు, టీచర్లు, ఆశ్రయం – ఇవన్నీ కింది ప్రభుత్వాల నెత్తిమీదే పడతాయి.

మనం నేర్చుకోవలసింది

మొదటిది, 'పన్నుదారు' అంటే ఒక్కడు కాదు. చిన్న ఊళ్లో ఆస్తి పన్ను కట్టి, పిల్లలతో కిక్కిరిసిన తరగతి గదిని చూసేవాడి బాధ నిజమైనదే. దానికి మందు పిల్లలను గెంటివేయడం కాదు, పైన చేరిన డబ్బులో న్యాయమైన వాటా కిందికి పంపడం. సరిహద్దును కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. ఆ పనీ, ఈ పనీ వేరువేరు.

రెండోది, చదువు మీద పెట్టింది ఈ ఏడాది పద్దులో ఖర్చుగానే కనిపిస్తుంది. రాబడి పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత మొదలవుతుంది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల 2016 నివేదిక మొత్తం వలసదారులను పరిశీలించి ఇదే చెప్పింది. మొదటి తరం వల్ల రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు ఖర్చు ఎక్కువ, అందులో పెద్ద భాగం పిల్లల చదువుదే. ఆ పిల్లలు పెద్దయ్యాక మాత్రం పన్నుల రూపంలో దేశానికి ఎక్కువ ఇచ్చేవారిలో ఉంటున్నారు.

మిత్రులారా, ఈ లెక్క మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది? మనం ఈ దేశ పౌరులం, మన హాస్టల్ సీటు రాజ్యాంగం ఇచ్చిన అండ, ఎవరి దయా కాదు. వారి స్థితి వేరు, మన స్థితి వేరు. కానీ మెస్ ఛార్జీలు, దుప్పట్లు, నోటు పుస్తకాలు అని బడ్జెట్‌లో మన పేరున ఉన్నవన్నీ ఖర్చు కాలమ్‌లోనే ఉన్నాయి. 'మా పన్నులతో వీళ్లకు తిండి' అనే మాట మనలో వినని వాళ్లుండరు. మన ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మనది. మనలో ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఇవాళ ఆదాయపు పన్ను కడుతున్నారు. ఆ రెండో కాలమ్ ఏ ఏడాది బడ్జెట్ పుస్తకంలోనూ మన హాస్టల్ పేరు పక్కన రాయరు.

కాబట్టి ఎక్కడైనా 'వీళ్లు భారం' అని వింటే ఒప్పుకునే ముందూ, కొట్టిపారేసే ముందూ మూడు ప్రశ్నలు వేద్దాం. ఎవరి ఖజానాకు భారం? ఎవరి ఖజానాకు రాబడి? ఎన్నేళ్ల లెక్క? పరీక్షలో ఇవి మార్కులు తెస్తాయి. రేపు అధికారులమై ఆ కుర్చీల్లో కూర్చున్నప్పుడు న్యాయం చేయడానికీ ఇవే అక్కరకొస్తాయి.